అబూ కుదామా బరువు

మా కూఫాలో ఖలీఫా మీద కత్తి దూసినవాళ్ళు బోలెడుమంది ఉన్నారు గానీ, దూసిన కత్తి దూసినట్టే పట్టుకుని మూర్ఛపోయినవాడు మా పక్కింటి అబూ కుదామా ఒక్కడే. ఒకసారైతే పాపం అనుకోవచ్చు. ఎప్పుడు తిరుగుబాటు లేచినా మసీదులో అందరికంటే ముందు చెయ్యి కలిపి ప్రమాణం చేసేదీ ఆయనే, డమాస్కస్ నుంచి వచ్చే ఖలీఫా గుర్రాల దుమ్మైనా కనపడకముందే దబ్బున కింద పడేదీ ఆయనే.

పడడానికి ఫలానా కారణమంటూ అక్కర్లేదు. ఒకసారి ఎండ అన్నాడు. ఒకసారి ముక్కులో ఈగ దూరిందన్నాడు. ఇంకోసారి నగారా మోత గుండెకి తగిలిందన్నాడు. ఆ నగారా మనవాళ్ళదే! అబూ కుదామా, అంటే కుదామా తండ్రి, అని పేరు పెట్టుకున్నాడే గానీ ఆ కుదామా ఇంతవరకు పుట్టనే లేదు. "పుట్టని కొడుక్కి తండ్రైనవాడు తగలని దెబ్బకి పడిపోతే వింతేముందమ్మా" అని మా వాడ ఆడవాళ్ళు నవ్వుకునేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని.

అన్నిటికంటే చోద్యం ఆయన తిండి. మామూలు రోజుల్లో గుప్పెడు పేలపిండి నీళ్ళలో కలుపుకుని తాగి, అదే విందనుకునే మనిషి. ఖలీఫా మా ఊరి మీద పెట్టిన అమీరు మీద గుసగుసలు మొదలయ్యాయంటే చాలు, ఎక్కడలేని ఆకలీ పుట్టుకొచ్చేది. వెన్నలో ముంచిన ఖర్జూరాలు, గొర్రె తోక కొవ్వు, దానిమీద మళ్ళీ రొట్టె. ఆయన భార్య లుబాబా గోడ మీదుగా తల పెట్టి అడిగేది.

"ఉమ్మ్ నుమైర్, ఊళ్ళో మళ్ళీ ఏమైనా లేస్తోందా?"

"ఏం, ఏమైంది?"

"ఈయన పొద్దున్నుంచీ నమలడం ఆపలేదు."

ఉమ్మ్ నుమైర్ అంటే నేనే. నుమైర్ వాళ్ళమ్మని. నుమైర్ మా పెద్దవాడు. మొదటి తిరుగుబాటులో పోయాడు. అప్పటికి అబూ కుదామా సన్నగా, వెదురులా ఉండేవాడు. ఆ యుద్ధంలో చివరిదాకా నిలబడి, వాణ్ణి భుజాన వేసుకుని మా గుమ్మం దాకా మోసుకొచ్చింది ఆయనే. ఆ సంగతి నేను ఎక్కువ మాట్లాడను. ఎవరైనా వాకిట్లో నిలబడి నన్ను పిలిస్తే వాడి పేరు వినపడుతుంది. అది చాలు.

అలా నిలబడ్డ మనిషి ఇలా తయారయ్యాడేమిటా అనే నాకు ఒళ్ళుమంట.

ఈసారి ఎక్కణ్ణించో ఒక పెద్దమనిషి దిగాడు. మసీదులో నిలబడి ఖలీఫా అన్యాయాలు చెప్పి ఏడ్చాడు. మా మగవాళ్ళూ ఏడ్చారు. మా ఊరి మగవాళ్ళకి ఏడవడం బాగా వచ్చు, ఏడుస్తూ ప్రమాణం చెయ్యడం ఇంకా బాగా వచ్చు, తెల్లారాక పారిపోయే దారి వెతకడం అన్నిటికంటే బాగా వచ్చు. ఎటొచ్చీ, ఆ చేతుల వరసలో మా చిన్నవాడు సువైద్ చెయ్యి కూడా ఉంది. నాకు మిగిలింది వాడొక్కడే.

"ఎవరినడిగి ఇచ్చావురా చెయ్యి?" అన్నాను.

"అన్న ఎవరినడిగి ఇచ్చాడమ్మా?"

వెళ్ళొద్దని కాళ్ళావేళ్ళా పడదామన్నా, ఇచ్చిన మాట తప్పించిన తల్లి అంటారు. పేలపిండి సంచి కడుతూ కూచున్నాను.

"ఆ అబూ కుదామా ఈసారి పడితే మాత్రం నేను ముట్టుకోనమ్మా. పోయినసారి మోసినవాళ్ళకి ఇప్పటికీ నడుములు లేవట!" అన్నాడు వాడు.

ముట్టుకోకపోతే కుదరదు. మా తెగలో పెద్దవాడు దారిలో పడిపోతే సొంత కుర్రాళ్ళే భుజాల మీద ఇంటికి చేర్చాలి. వదిలేసి వస్తే వాళ్ళకి పిల్లనెవరూ ఇవ్వరు.

ఉండబట్టలేక పక్కింటికి వెళ్ళాను. ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని కూచున్నాడు మహావీరుడు.

"సిగ్గులేదూ? పిల్లలు చావుకి ఎదురెళుతుంటే నువ్వు కొవ్వు పెంచుతున్నావా?"

"యుద్ధమంటే మాటలా చెల్లెమ్మా! ఒంట్లో బలం ఉండాలి."

"పడడానికి బలమెందుకు?"

"పడడానికే ఎక్కువ కావాలి" అని తాపీగా ఎముక చీకాడు.

తలుపు ధడాలున వేసి వచ్చేశాను.

అందరూ యుద్ధానికి వెళ్ళారు. వారం తిరక్కుండా వీధి మలుపులో మూలుగులు వినిపించాయి. డేరా గుంజలకి దుప్పటి కట్టి, దాంట్లో అబూ కుదామాని వేసుకుని ఎనిమిదిమంది కుర్రాళ్ళు ఆపసోపాలు పడుతూ వస్తున్నారు. ముందు గుంజ కింద మా సువైద్, మొహం కందగడ్డలా చేసుకుని.

"ముట్టుకోనన్నావుగా?" అన్నాను.

"సరిగ్గా నా కాలిమీదే పడ్డాడమ్మా! పడి, కళ్ళు మూసుకునే పేర్లు పిలిచాడు. 'సువైద్‌ని రమ్మనండి, వాడి భుజం మెత్తగా ఉంటుంది. ఆ కొత్త పెళ్ళికొడుకు ఏడీ? ఆ గుడ్డితల్లి కొడుకుని పిలవండి' అని. మూర్ఛపోయినవాడు పేర్లు పిలవడం ఎక్కడైనా విన్నావా?"

"స్పృహ వస్తూ పోతూ ఉంటుందిరా నాయనా" అంది దుప్పటి.

"బాబాయ్, నోరు మూసుకుని మూర్ఛపో!" అన్నాడు సువైద్.

నేను ఆ ఎనిమిదిమంది మొహాలూ చూశాను. అన్నీ నాకు తెలిసిన ఇళ్ళే. ఆ ఇళ్ళలో రెండో మగపిల్లాడు లేడు.

మర్నాడు కబురొచ్చింది. మసీదులో ఏడ్చిన పెద్దమనిషి మేలుజాతి గుర్రమెక్కి ఎటో వెళ్ళిపోయాడట. ఆయన మాట నమ్మి నిలబడ్డవాళ్ళు నిలబడ్డచోటే ఉండిపోయారు. అవతలి వాడల్లో ఏడుపులు మొదలయ్యాయి. సువైద్ ఆ రోజంతా గోడవైపు తిరిగి పడుకున్నాడు. నడుం నొప్పి అన్నాడు.

నేను నీళ్ళకుండ తీసుకుని పక్కింటికి వెళ్ళాను. మూర్ఛరోగి పెరట్లో తిరగలి ఒంటిచేత్తో ఎత్తి పక్కన పెడుతున్నాడు. లుబాబా కొవ్వుముక్క తెస్తే పక్కకి నెట్టేసి పేలపిండి నీళ్ళడిగాడు. నన్ను చూడలేదు.

"ఇంకొంచెం తిని ఉండాల్సింది లుబాబా" అని గొణుగుతున్నాడు. "మొయ్యడానికి ఇంకో ఇద్దరు పట్టేవాళ్ళు."

కుండ గుమ్మంలోనే దింపేసి ఇంటికొచ్చాను. ఆ మొదటిసారి మా నుమైర్‌ని మోసింది ఆయన. ఆ తరవాతే కదూ మోయించుకోవడం మొదలెట్టాడు!

అలాగని నేనాయన్ని పొగడడం మొదలెట్టాననుకునేరు. మా వాడ మొత్తం ఆయన్ని పిరికివాడంటుంది, నేనూ అంటాను. అందరికంటే గట్టిగా అంటాను. ఎవరికైనా అనుమానమొస్తే ఆ దుప్పటి మళ్ళీ పనికిరాదు మరి.

నిన్న మసీదులో మళ్ళీ ఎవరో వచ్చి ఏడుస్తున్నారని తెలిసింది. సువైద్ కత్తి తీసి తుడుస్తున్నాడు. ఉన్న మాంసమంతా వేసి, తోక కొవ్వు దండిగా పోసి, పెద్ద కాగెడు సరీద్ వండాను. అందులో తుంచి వేసిన రొట్టెముక్కలు మాంసం చారు పీల్చి ఉబ్బాయి. గోడ మీదుగా లుబాబాకి అందించాను.

"ఇదెవరికి ఉమ్మ్ నుమైర్?"

"మీ పిరికిపందకి. అడుగంటింది కూడా గీక్కుని తినమను."

కాసేపటికి గోడ అవతల్నించి గొంతు వినిపించింది. "వెన్న తక్కువైంది చెల్లెమ్మా!"

"సిగ్గులేని మనిషి!" అని వీధంతా వినపడేలా తిట్టి, వెన్నకుండ చంకన పెట్టుకుని బయల్దేరాను.