అడుగు వాలిన వైసు

విశాఖపట్నం మొత్తమ్మీద, అటు హార్బరు నుంచి ఇటు దువ్వాడ దాకా, పాత మిల్లింగ్ వైసుని ఒక్క వేలితో తట్టి అది ఏ దేశంలో పుట్టిందో చెప్పగల మొనగాడు ఒక్కడే ఉండేవాడు. వాణ్ణి నేనే. కళ్లకు గుడ్డ కట్టినా చెప్పేవాణ్ణి. పాత ఊళ్లో తుక్కు వ్యాపారం చేసే భాయ్ ఒకాయన నా తట్టుడు విని నోరు తెరిచి, "సాబ్, మీరు డాక్టరీ చదవాల్సింది" అన్నాడు. ఈ ముక్క ఎన్ని పెళ్లి విడిదుల్లో, ఎన్ని టీ బడ్డీల దగ్గర చెప్పానో నాకే గుర్తులేదు. విన్నవాళ్లలో సగం మందికి వైసంటే ఏమిటో తెలియదు కాబట్టి అందరూ నమ్మారు.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. మిల్లింగ్ మిషన్లో పళ్ల చక్రం లాంటి కట్టరు గిర్రున తిరుగుతూ ఇనుమును చెక్కుతుంది. ఆ చెక్కించుకునే ముక్కను కదలకుండా రెండు దవడల మధ్య బిగించి పట్టుకునేది వైసు. మంగలి ముందు కూర్చున్న చంటివాడి తలను తల్లి పట్టుకున్నట్టన్నమాట. ఆవిడ పట్టు సడలిందా, మంగలి ఎంత పనివాడైనా చెవి తెగుతుంది. మా ఫిట్టర్ల బల్లకు ఉండే మొరటు వైసు వేరు. దాన్ని సుత్తితో బాదినా పడి ఉంటుంది. మిల్లింగ్ వైసు అలా కాదు, దాని అడుగు మట్టంగా ఉండాలి, దవడ నిటారుగా నిలవాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా చేసిన ముక్క తుక్కులోకే.

మా అక్క మొగుడు, మా బావ, అలాంటి మిషను మీద చెయ్యి తిరిగిన మనిషి. హార్బరు పక్కన ఒక వర్క్‌షాపులో పెళ్లికి ముందు నుంచీ అదే పని. డెబ్బైల చివర్లో ఒకరోజు, తిరుగుతున్న కట్టరు పక్కనుంచి ఇనుప రజను బ్రష్షుతో తోస్తుండగా కుడిచేతి చివరి రెండు వేళ్లూ పోయాయి. గాయం మానింది గానీ ఆయన మళ్లీ మిషను గదిలో అడుగుపెట్టలేదు. వర్క్‌షాపువాళ్లు గేటు దగ్గర స్టూలు వేసి కూర్చోబెట్టారు. లారీ వస్తే గొలుసు దించాలి, వెళ్లాక ఎత్తాలి. ఇంటికొచ్చిన చుట్టాలకు కడుపుబ్బ నవ్వు తెప్పించిన మనిషి, అడిగినదానికి 'ఊఁ' అనడం తప్ప మాట్లాడేవాడు కాదు. కుడిచెయ్యి ఎప్పుడూ లుంగీ మడతలోనే ఉండేది.

ఎనభైల మొదట్లో స్టీలు ప్లాంటు పనులు ఊపందుకుని కూర్మన్నపాలెం జంక్షన్ చుట్టూ ఎర్రదుమ్ము లేచింది. ఏ కంట్రాక్టర్ని కదిపినా ఏదో ఒక ముక్క చెక్కి పెట్టమనేవాడు. అక్కావాళ్లు అక్కడికి దగ్గర్లోనే ఉండేవారు. ఒకరోజు అక్క నన్ను పెరట్లోకి పిలిచి, "ఒరే, ఆ గేటు కాడ కూకుని కూకుని మీ బావ మనిషి కాకుండా పోతన్నాడు. నువ్వు ఫిట్టరువి కదా, ఏటో ఒకటి సెయ్యి" అంది.

చేశాను. ఇంటి వెనక రేకుల షెడ్డు వేసి, మూతపడ్డ ఒక షాపు నుంచి పాత మిల్లింగ్ మిషను తెచ్చి దించాం. మిషను ఉంది గానీ దానికి వైసు లేదు. బావ దాని చుట్టూ ఒకసారి తిరిగి, "వైసు నేదు కదా" అన్నాడు. ఆ గొంతులో విచారం కన్నా ఊరట ఎక్కువ వినిపించింది. నాకెందుకో అది వింతగా తోచలేదు.

"దొరికితే నిలబడతావా?" అని అడిగింది అక్క.

"మంచిది దొరికితే సూద్దాం."

ఆ మాట పట్టుకున్నాను నేను. మంచి వైసు దొరికితే బావ మిషను ముందుకి వస్తాడు. దొరక్కపోతే ఆ గేటూ, ఆ గొలుసూ తప్పవు.

అలా బావను స్కూటరెక్కించుకుని పాత ఊరు తీసుకెళ్లాను. భాయ్ కొట్లో ఓడల గొలుసులు, విరిగిన పంపులు, వర్క్‌షాపుల్లో పనికిరావని వేలం వేసిన సామాన్లు కప్పు దాకా పేర్చి ఉండేవి. ఒక మూల గోనె కింద అది కనబడింది. గ్రీజూ దుమ్మూ కలిసి పందిలా ఉంది. గోనె లాగిన క్షణంలో బావ "సిగరెట్టు కాల్సుకొత్తాను" అని బయటికి వెళ్లిపోయాడు. ఆయన సిగరెట్లు మానేసి అప్పటికి చాన్నాళ్లయింది.

భాయ్ నన్ను చూసి నవ్వాడు. "మీ బావగారికి ఇనుము పడదా సాబ్?"

"ఆయనకి పడదు గానీ నాకు పడుతుంది. జరగండి."

కుండను తట్టి కొన్నట్టు దాన్ని తట్టి చూశాను. ఖంగుమంది. ఎక్కడైనా పగులుంటే ఆ మోత రాదు, పెంకు తట్టినట్టు చప్పగా పలుకుతుంది. దవడలకు బిగించిన పలకల మీద ఆకురాయి లాగితే జారిపోయింది. అంటే పలకలను కాల్చి బాగా గట్టిపరిచారన్నమాట. దవడల మధ్య ముక్క కూర్చునే పాన్పు మీద ఒక్క డ్రిల్లు గాటు కూడా లేదు. ఇదివరకు వాడినవాడు దాన్ని ఒళ్లు దగ్గర పెట్టుకుని వాడాడు. స్క్రూ తిప్పితే వదులుగా ఆడలేదు. అప్పుడు కళ్లు మూసుకుని, ఒక వేలితో మళ్లీ తట్టి, "ఇది ఇంగ్లండుది" అని ప్రకటించాను. భాయ్ ఆ డాక్టరీ మాట అన్నది అప్పుడే.

ఇక్కడ చిన్న సవరణ. వైసు పక్కన, గ్రీజు కింద, పోతలోనే ఉబ్బెత్తుగా పోసిన అక్షరాలున్నాయి. కంపెనీ పేరు అరిగిపోయింది గానీ దేశం పేరు నిక్షేపంలా ఉంది. భాయ్ టీ చెప్పడానికి వీధిలోకి తల తిప్పినప్పుడు గోటితో గీకి చదివేసుకున్నాను. కళ్లు మూసుకోవడం ఆ తర్వాత సంగతి. డాక్టరీ మాట మాత్రం భాయ్ నిజంగానే అన్నాడు. కాకపోతే "పశువుల డాక్టరీ" అన్నాడు.

"తీస్కెళ్లి చూడండి సాబ్. నచ్చకపోతే పట్టుకొచ్చెయ్యండి. మళ్లీ ఆ మూలే పడుకుంటది" అని పంపాడు ఆయన.

ఆదివారం పొద్దున్న షెడ్డులో వైసుని కిరసనాయిలుతో కడిగి మిషను బల్లకి బిగించాను. బావ గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. నేను డయల్ గేజి పెట్టాను. దాని కొనను వైసు పాన్పు మీద ఆనించి బల్లను జరిపితే, ఎత్తుపల్లాలను బట్టి ముల్లు తిరుగుతుంది. పాన్పు మట్టంగా ఉంటే ముల్లు కదలకూడదు. అది ఒక చివర నుంచి రెండో చివరకి నిదానంగా, ఎక్కడా ఆగకుండా వాలుతూ పోయింది. విప్పి, తుడిచి, మళ్లీ బిగించాను. మళ్లీ అంతే.

"వాలిపోనాది బావా. ఇచ్చీ ఆడికి" అన్నాడు ఆయన. మా వైపు బావమరిదిని కూడా బావా అనే పిలుస్తారు.

"పాన్పు మట్టంగా రుద్దించుకుంటే..."

"తుక్కు. ఒగ్గీ." లుంగీ మడతలో చెయ్యి పెట్టుకుని భోజనానికి లోపలికి వెళ్లిపోయాడు.

నిజానికి నాకు అక్కడే బుర్ర వెలగాలి. వాడకంలో అరిగిన వైసుకి ముక్క ఎక్కువగా కూర్చునే నడిమధ్య గుంట పడుతుంది. ఇది ఈ చివర నుంచి ఆ చివరకి తిన్నగా వాలింది. కానీ చెప్పినవాడు బావ. మిల్లింగులో ఆయన మాట మీద మాట ఆడే ధైర్యం నాకెక్కడిది? బోల్టులు విప్పి, వైసుని బల్ల మీద నుంచి చెక్కపెట్టె మీదకి దించి, ఆకలి చచ్చిపోయి అక్కడే కూలబడ్డాను.

కాసేపటికి అక్క వచ్చింది. నాకు అన్నం తెచ్చిందనుకున్నాను. చేతిలో కంచం లేదు.

"దాన్ని తిరగెయ్యి" అంది.

"ఎందుకక్కా? అడుగు తుడిచేశాను, నున్నగా ఉంది."

"తిరగెయ్యమన్నానా?"

తిరగేశాను. అడుగున ఒక పక్కగా గోధుమరంగు పూత, పాలిష్ కొట్టినట్టు నిగనిగలాడుతోంది. పాత రంగనుకుని నేను దాన్ని గుడ్డతో తుడిచి ఊరుకున్నాను. అక్క కొప్పులోంచి పిన్ను తీసి గీకింది. పైన గోధుమరంగు, లోపల ఎర్రటి చార, దాని కింద పచ్చ.

"ఇది ఇనుం కాదురా. పసుపు."

ఆయుధపూజకి వర్క్‌షాపుల్లో మిషన్లు కడిగి బొట్లు పెట్టడం నేనెరగనిది కాదు. కానీ పైన పెట్టిన బొట్టు, పండగ వెళ్లి పని మొదలవగానే కట్టరు మీద పోసే నీళ్లకి కొట్టుకుపోతుంది. అందుకని ఎవరో భక్తుడు వైసుని ఎత్తి, గడపకు రాసినట్టు దాని అడుగున ఒక పక్క పసుపు రాసి, కుంకం అద్ది, మళ్లీ బిగించుకున్నాడు. మరుసటి ఏడు పాతది గీకెయ్యలేదు. పూజ చేసింది గీకేస్తారా ఎవరైనా? దాని మీదే ఇంకో పొర. అలా ఏళ్లకేళ్లు పేరుకుని, ఆ పక్క వైసు లేచి కూర్చుంది. ఇనుములో ఏ దోషమూ లేదు.

కిరసనాయిలు పోసి, వెదురు పేడుతో ఇద్దరం గీకాం. అక్క చింతపండు, బూడిద తెస్తానంది. ఇత్తడి బిందె కాదే తల్లీ అని ఆపాను. గీకిన పొడిని మాత్రం నేల మీద పడనివ్వలేదు ఆవిడ. కాగితంలోకి ఎత్తి మొక్క మొదట్లో పోసింది. మళ్లీ బిగించి డయల్ పెడితే ముల్లు ఉలకలేదు, పలకలేదు.

బావ ఎప్పుడొచ్చాడో గుమ్మం దగ్గర నిలబడి ఆ ముల్లునే చూస్తున్నాడు.

"ఏటలా సూత్తన్నావు? ఇప్పుడు మంచిదేనా?" అంది అక్క.

నేను ఒక ఇనుప ముక్క తీసి దవడల మధ్య పెట్టి బిగించడం మొదలెట్టాను. కావాలనే తప్పుగా బిగించాననీ, అది చూసి ఉండబట్టలేక బావ వస్తాడని నాకు తెలుసుననీ ఇన్నాళ్లూ చెప్పుకున్నాను. కావాలని ఏమీ కాదు. నాకు వచ్చింది అంతే. ఫిట్టర్ని కదా, బలంకొద్దీ తిప్పాను.

"అలగ కాదురా నాయనా! లేసిపోతంది!" అని ఒక్క అరుపు అరిచి లోపలికి వచ్చాడు.

నన్ను పక్కకి తోసి వైసు వదులు చేశాడు. నా సిగరెట్టు డబ్బాలోని పల్చటి కాగితం చింపి ముక్క అడుగున రెండు చివర్లా పెట్టాడు. బిగిస్తూ, రాగి సుత్తితో ముక్క నెత్తిన మెల్లగా తట్టి, కాగితాలను లాగి చూశాడు. కదిలితే ముక్క అడుగున ఖాళీ ఉన్నట్టు. ఒకటి కదిలింది. మళ్లీ వదులు చేశాడు, మళ్లీ తట్టాడు. అప్పటికి కుడిచెయ్యి లుంగీ మడతలో లేదు. అది ఎవరం చూడనట్టు నేను రేకుల కప్పు వైపు, అక్క మిషను వైపు చూశాం. రెండో కాగితం కూడా కదలకుండా నిలిచాక ఆయన వైసు నెత్తి మీద మూడు వేళ్ల చెయ్యి ఆనించి కాసేపు అలాగే ఉండిపోయాడు. దణ్ణం పెట్టుకుంటున్నాడేమో అనుకున్నాను. తర్వాత, "స్విచ్చి ఎయ్యి బావా" అన్నాడు.

కట్టరు ముక్కను తాకిన చప్పుడుకి అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముక్క అంతా చెక్కుడయ్యేదాకా కదల్లేదు. నాకు అన్నం పెట్టడం ఆవిడ పూర్తిగా మరిచిపోయింది.

ఆ షెడ్డు బావ చివరిదాకా నడిపాడు. ఆయన పోయాక మిషను అమ్మేశాం గానీ వైసుని అక్క ఇవ్వనివ్వలేదు. ఇప్పుడది వంటింటి వెనక బల్ల మీద ఉంది. ఊరగాయ జాడీ మూత పట్టేస్తే అందులో బిగించి తిప్పుతుంది. ఆయుధపూజకి దానికి బొట్టు పెడుతుంది, అదీ పైనే.

ఇక అసలు ఒప్పుకోలు. పసుపు సంగతి నేనే కనిపెట్టానని ఇన్నేళ్లూ అందరికీ చెప్పాను. కాదు, అక్క. ఆ గొప్ప ఆవిడకే దక్కాలని ఇక్కడ రాసి, ఇంతవరకూ రాసిందంతా మొన్న ఆవిడ దగ్గర కూర్చుని చదివి వినిపించాను. మెచ్చుకుంటుందనుకున్నాను. చిక్కుళ్లు ఒలుస్తూ విన్నది విన్నట్టే ఉండి, చివర్లో తలెత్తింది.

"పసుపు నాను కనిపెట్టినానా? ఎవడు సెప్పాడు నీకు?"

"నువ్వే కదా తిరగెయ్యమన్నావు."

"మీ బావ సెప్తే వొచ్చినాను. ఆవేళ అన్నం కాడ ముద్ద ఎత్తకుండా కూకున్నాడు. ఏటంటే, 'ఆ వైసు నాదేనే. నా మిషనుదే. నా వేళ్లు పోనాయి దాని మీదే' అన్నాడు. 'వాలింది నీ పసుపుకే, నానైతే రెండో పక్క రేకుముక్క ఎట్టి మట్టం సేసుకునేవోణ్ణి' అన్నాడు. ఏటా నువ్వుల నూనెతో కలిపి అరిటాకులో కట్టి ఇచ్చేదాన్ని కాదేటి, పూజకి అట్టుకెళ్లడానికి? మరి తమ్ముడికి సెప్పవేటంటే, సెప్తే మిషను ముందు నిలబడాల కదా, బయమేత్తంది అన్నాడు. అప్పుడొచ్చినాను నీ కాడికి."

నా చేతిలో కాగితాలు ఒళ్లోకి జారాయి. గోనె లాగగానే బయటికి వెళ్లిపోయిన మనిషి కళ్లముందు కనబడ్డాడు. "ఇన్నేళ్లూ నాకెందుకు చెప్పలేదే?"

"సెప్పొద్దన్నాడు. నీతో సెప్తే ఊరంతా టాంటాం ఏసేత్తావని." చిక్కుడు ఈనె ఒకటి నా కాగితాల మీదకి విసిరింది. "ఏ దేశవో కనిపెట్టినాడంట! ఎవలదో కనిపెట్టనేకపోనావు. అది మీ బావ వైసురా, ఎర్రోడా. కొట్టేసి అలగ రాయి."