ముళ్ళకంపకు లోపల

మా నాయన ఉపదేశి. వారమంతా పాలెం పిల్లలకు అక్షరాలు చెప్పేవాడు, ఆదివారం అదే కొట్టంలో ఆరాధన జరిపేవాడు. పెద్దదోర్నాల నుంచి మార్కాపురం పోయే బాటకు కాస్త ఎడంగా ఉండేది మా పాలెం. బడి కొట్టం పాలేనికి చివర, బాటవైపు ఉండేది. మా ఇల్లు పాలెం నడుమ.

ఉగాదికి కన్నడ దేశం నుంచి జనం శ్రీశైలానికి కాలినడకన వచ్చేవాళ్ళు. తిరుగు ప్రయాణం రైల్లో పోదామనుకున్నవాళ్ళు కొండ దిగి, దోర్నాల మీదుగా మార్కాపురం రోడ్డు స్టేషనుకు నడిచేవాళ్ళు. మా బడి అరుగు మీద కాసేపు కూర్చుని, నీళ్ళు తాగకుండానే లేచి పోయేవాళ్ళు. మా నీళ్ళు వాళ్ళకు పనికిరావు. అది మాకూ తెలుసు, వాళ్ళకూ తెలుసు. ఎవరూ ఆ మాట ఎత్తేవాళ్ళు కాదు.

నాకు అప్పటికి పద్నాలుగో ఏడు. ఎండాకాలం దాటాక మార్కాపురంలో ఆడపిల్లల బడిలో చేర్చి అక్కడే హాస్టల్లో ఉంచుతామన్నారు. అందాకా గిద్దలూరులో మా అమ్మమ్మ దగ్గర ఉండాలి. బండి కుదిరింది. నా బట్టలు రేకుపెట్టెలో సర్దిపెట్టుకుని, రోజూ ఒకసారి తెరిచి చూసుకుంటూ ఉన్నాను.

ఆ ఏడు ఉగాది వెళ్ళాక ఒక పొద్దున నాయన బడి తెరవడానికి పోయి వెంటనే తిరిగొచ్చాడు. అమ్మ చేటలో జొన్నలు చెరుగుతోంది.

"అరుగు మీద ఒక మొగుడూ పెండ్లామూ ఉండారు. కన్నడపోళ్ళు. జతగాళ్ళు వదిలేసి పోయినారు" అన్నాడు.

"ఏమైంది వాళ్ళకు?"

"ఆయనకు వాంతులు, భేదులు. గత్తరే అనుకుంటా."

అమ్మ చేట కింద పెట్టింది. "అరుగు మీదనే ఉండాడా?"

"లోపల పండబెట్టి వచ్చినా."

అమ్మ పాత చీరలు రెండు, పెద్ద కుండ, ఉప్పు మూట తీసుకుని ఆయన వెంట నడిచింది. గడప దాటుతూ నావైపు తిరిగి, "గంజి కాచి తెచ్చి బయట పెట్టు పాపా. లోపలికి మటుకు రావద్దు" అంది.

గంజి కాచి తీసుకుపోయేసరికి బడి ముందర మా పాలెం పెద్దాయన నిలబడి ఉన్నాడు. వరసకు నాయన ఆయన్ను మామా అని పిలిచేవాడు. పాలేనికి బాప్తిస్మం వచ్చినప్పుడు అందరికంటే ముందు నీళ్ళలో దిగిన మనిషి ఆయన. అరుగుకు దూరంగా నిలబడి మాట్లాడుతున్నాడు.

"అల్లుడా, నువ్వు చేసేది ఏందో నీకు తెలుస్తాండాదా? ఊళ్ళోకి అప్పుడే కబురు పోయింది. మిరప కోతలకు మనోళ్ళను ఎవురినీ రావద్దన్నారు. కల్లాల కాడికి గూడా రావద్దన్నారు."

"ఆ మనిషిని ఏం జెయ్యమంటావు మామా?"

"వాళ్ళ జనమే వదిలేసి పోయినారు గదా. మనకెందుకు?"

నాయన కొట్టం లోపలికి తిరిగి చూశాడు. పెద్దాయన కోపం లేని గొంతుతోనే అన్నాడు: "నీ ప్రేమ నీది. అది మా పిల్లోళ్ళ కూడు తీస్తాండాది. దానికేం చెప్తావు?"

ఎవరి ఆకలినైనా తన మీద వేసుకోవడానికి నాయన సిద్ధమే. కానీ పాలేనిదంతా ఎట్లా వేసుకుంటాడు?

లోపల ఆ మనిషి గట్టిగా మూలిగాడు. అమ్మ, "గంజి తే" అని కేక వేసింది. బయట పెట్టమన్న మాట ఆమె మరిచిపోయింది, నేనూ మరిచిపోయాను. కుండ పట్టుకుని లోపలికి పోయాను. చాప మీద నడివయసు మనిషి పడి ఉన్నాడు. కళ్ళు లోతుకు పోయాయి, చేతివేళ్ళ చర్మం ముడతలు పడిపోయింది. మెడలో వెండి కాయ ఉంది. అందులో శివలింగం ఉంటుందని తర్వాత తెలిసింది. పక్కన ఆయన భార్య కూర్చుని కొంగుతో విసురుతోంది.

నేను మళ్ళీ బయటికి వచ్చేసరికి మా పాలెం మొగవాళ్ళు తుమ్మకంప, రేగుకంప ఈడ్చుకొచ్చి బడి చుట్టూ వేస్తున్నారు. ఊరి పెద్దలు పెట్టిన షరతు అది. లోపల ఉన్నవాళ్ళు లోపలే ఉంటే తక్కినవాళ్ళను మెల్లగా పనికి రానిస్తామన్నారట.

"నన్ను పోనీ తాతా. నేను గిద్దలూరు పోవాల" అన్నాను.

పెద్దాయన నా ముఖం చూడలేకపోయాడు. "లోపలికి పోయినావు గద పాపా. ఇంక రాగూడదు" అన్నాడు. నా పలక మీద బొమ్మలు గీసి నవ్వించిన మనుషులే కంపను కర్రలతో నెట్టి దారి మూసేశారు.

ఆ పొద్దు నుంచి మాకు లోకమంటే ఆ కొట్టం, దాని ముందరి చిన్న వాకిలి, వెనకాల నాలుగు అడుగుల ఖాళీ. బావి దగ్గరికి మేము రాకుండా పాలెం ఆడవాళ్ళే నీళ్ళు తెచ్చి కంప పైనుంచి మా కుండల్లో పోసేవాళ్ళు. జొన్నలో సజ్జలో ఉంటే అవీ మూటకట్టి విసిరేవాళ్ళు. ఎవరూ నిలబడి మాట్లాడేవాళ్ళు కాదు. కంప సందులోంచి మా ఇంటి కప్పు కనిపించేది. రేకుపెట్టె ఆ ఇంట్లోనే ఉంది. గిద్దలూరు బండి బాట మీద ఆగి, ఎవరితోనో మాట్లాడి, కదిలిపోవడం నేను లోపలినుంచే చూశాను. బండివాడిని పిలవలేదు. పిలిచి ఏం చెప్పాలి?

ఎండ ముదిరింది. సున్నం వాసన, వాంతి వాసన, పొగ. ఎటు తిరిగి పడుకున్నా ఆ వాసనే. ఎప్పుడో మార్కాపురం ఆసుపత్రిలో ఒక నర్సమ్మ చెప్పినట్టు నాయన నీళ్ళు తెర్లనిచ్చి చల్లార్చేవాడు, వాంతుల మీద బడి గోడలకని ఉంచిన సున్నం చల్లి పూడ్చేవాడు. చితుకులు అయిపోయాయి. బయటినుంచి కట్టెలు అడగడానికి ఆయనకు నోరు రాలేదు. ఆరాధనకు పెద్దలు కూర్చునే బల్లను గొడ్డలితో చీల్చాడు. పెద్దాయనే మార్కాపురం నుంచి నెత్తిన పెట్టుకుని మోసుకొచ్చిన బల్ల అది. దాని మంట మీద కాగిన నీళ్ళే ఆ మనిషి గొంతులో పోశాం.

ఆయన భార్య మొదట మా కుండ ముట్టలేదు. కంప పైనుంచి పోసే నీళ్ళను తన రాగి చెంబులో పట్టుకుని తానే కాచుకుంది. మొగుడికి మాత్రం మా అమ్మ పోస్తుంటే అడ్డు చెప్పలేదు. మాకు కన్నడం రాదు, ఆమెకు తెలుగు రాదు. 'నీరు' అన్న మాట రెండువైపులా ఒకటే. 'బేడ' అంటే వద్దని తెలుసుకున్నాం. మా అమ్మను 'తాయీ', అంటే తల్లీ, అని పిలిచేది. ఆ మూడు మాటలతోనే రోజులు జరిగాయి.

ఆ మనిషి బతకలేదు. ఒక మధ్యాహ్నం, అమ్మ చెంచాతో గంజి పోస్తుంటే అది పెదవి పక్కనుంచి కారిపోయింది. ఆయన భార్య ఏడవలేదు. వెండి కాయ తెరిచి లింగాన్ని తీసి, ఆయన ఎడమచేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

పూడ్చడానికి బయటికి పోనివ్వరు. కొట్టం వెనక ఖాళీలోనే తవ్వాలి. నాయన కంప దగ్గర నిలబడి గడ్డపార అడిగాడు. పెద్దాయన తెచ్చి లోపలికి విసిరి, వెనక్కి తిరిగిపోయాడు. మా నేలలో జానెడు తవ్వితే పలకరాయి తగులుతుంది. నాయన పడుకోబెట్టే కొలతకు గుంట తవ్వడం మొదలుపెట్టాడు. ఆమె వచ్చి "బేడ, బేడ" అంది. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఎడమచెయ్యి ఒళ్ళో పెట్టుకుని చూపించింది. వాళ్ళు కూర్చోబెట్టి సమాధి చేస్తారని మాకు అప్పుడు తెలిసింది. అంటే గుంట ఇంకా లోతు పోవాలి.

నాయన రాయి పగలగొడుతూ తవ్వాడు. చేతులు బొబ్బలెక్కితే గుడ్డ చుట్టుకుని మళ్ళీ దిగాడు. మట్టి నేను ఎత్తిపోశాను. ఆ మనిషిని కూర్చోబెట్టాక ఆమె గుంట అంచున నిలబడి విభూతి చల్లుతూ ఏదో చదువుకుంది. నాయన చంకలోంచి బైబిలు తీశాడు, తెరవబోయాడు, మళ్ళీ చంకలో పెట్టేసుకున్నాడు. తలపాగా తీసి, ఆమె ముగించేదాకా తల వంచుకుని నిలబడ్డాడు.

ఇంక అయిపోయింది, కంప తీస్తారు అనుకున్నాను. మర్నాడు అమ్మ పడిపోయింది.

అప్పుడు నాకు నాయన మీద వచ్చినంత కోపం మళ్ళీ ఎన్నడూ ఎవరి మీదా రాలేదు. "నువ్వే తెచ్చినావు. వాళ్ళ జబ్బును లోపలికి పిలిచి పండబెట్టినావు. మా అమ్మకు అంటిచ్చినావు. నన్ను గూడా ఈడనే సంపుతావు" అన్నాను. ఆయన పొయ్యి ముందర కూర్చుని బల్లచెక్కలు పెడుతున్నాడు. "కుండ తే పాపా" అన్నాడు. కుండ తేలేదు. కంప దగ్గరికి పోయి రెండు చేతులతో పట్టుకుని లాగాను. ముళ్ళు అరచేతుల్లో దిగాయి, కంప కదల్లేదు. అవతల ఎవరూ లేరు. బాట మీద ధూళి లేస్తోంది. ఎవరి బండో దర్శి సంతకు పోతోంది.

వెనక్కి వచ్చేసరికి ఆ కన్నడ ఆమె అమ్మ తలను తన ఒళ్ళో పెట్టుకుని ఉంది. మా కుండలోని గంజిని తన రాగి చెంబులోకి ఒంపుకుని, అమ్మ నోట్లో కొంచెం కొంచెంగా పోస్తోంది. అమ్మ కక్కితే తన కొంగుతోనే తుడిచింది. అంతవరకు మా కుండను ముట్టని మనిషి. నన్ను చూసి, చేతుల నెత్తురు గమనించి, పక్కన కూర్చోమని సైగ చేసింది. రవికకు పెట్టుకున్న పిన్నీసు తీసి నా అరచేతుల్లోని ముళ్ళు ఒక్కొక్కటే పీకింది. అమ్మ తల ఆమె ఒళ్ళోంచి కదలలేదు.

ఆ రోజులన్నీ అమ్మను ఆమే చూసుకుంది. ఆకలేస్తే మేము వండిందే తినింది. నాయన కట్టెలు పెట్టేవాడు, నేను నీళ్ళు మోసేదాన్ని. నేను నాయనతో మాట్లాడలేదు. లోతుకు పోయిన అమ్మ కళ్ళు మెల్లగా మామూలుకొచ్చాయి. ఒక పొద్దున గంజి కాదు, సంగటి కావాలంది. నాయన కొట్టం వెనక్కి పోయి చాలాసేపు రాలేదు.

ఇంకెవరికీ జబ్బు రాలేదని తేల్చుకున్నాక పెద్దాయన వచ్చి, తన చేతులతోనే కంప తీశాడు. చీలిపోయిన బల్ల ముక్కలు చూశాడు.

"బల్ల కాల్చినావా అల్లుడా?"

"కాల్చినా మామా."

"సరేలే" అని కంపను బాట పక్కకు ఈడ్చుకుపోయాడు.

కన్నడ ఆమెను నాయన నడిపించుకుపోయి స్టేషనులో గుంతకల్లు రైలెక్కించి వచ్చాడు. పోయే ముందర ఆమె మొగుడి సమాధి దగ్గర కాసేపు కూర్చుంది. ఆ తర్వాత అమ్మ రెండు చేతులూ పట్టుకుని ఏదో చెప్పింది. చాలా మాటలు చెప్పింది. మాకు ఒక్కటీ అర్థం కాలేదు. అమ్మ మాత్రం అన్నిటికీ తలూపింది.

పిల్లలు బడికి రాలేదు. సమాధి ఉన్న చోటికి పంపేది లేదన్నారు తల్లులు. పోగొట్టుకున్న మిరప కోతల సంగతి ఎవరూ మరిచిపోలేదు. మార్కాపురం నుంచి పాస్టరు అయ్యగారు వచ్చి అంతా విన్నారు. కొట్టం వెనక్కి పోయి మట్టిదిబ్బ చూశారు.

"ఒక ప్రార్థనైనా చేయలేదా?" అని నాయనను అడిగారు.

"ఆయమ్మ చేసుకునింది అయ్యగారూ. నేను గుంట తవ్వినాను."

అయ్యగారు చివరికి, ఇక్కడ మీకు పని జరగదు, యర్రగొండపాలెం వైపు ఒక పల్లెలో బడి ఖాళీగా ఉంది, అక్కడికి పొమ్మన్నారు. మంచిగానే చెప్పారు.

మేము సామాను బండికి ఎత్తుతుంటే పెద్దాయన వచ్చి, నా రేకుపెట్టె భుజాన వేసుకుని తెచ్చి బండిలో పెట్టాడు. మళ్ళీ రమ్మని అనలేదు. మిగిలినవాళ్ళు ఎవరి గడపల్లో వాళ్ళు నిలబడి చూశారు.

బండి పాలెం దాటాక నాయనతో మొదటిసారి మాట్లాడాను. "ఆడ గూడా ఎవురన్నా ఇట్ల వచ్చి పడితే ఏం జేస్తావు?" అని అడిగాను.

నాయన ఎద్దుల వైపు చూస్తూ కూర్చున్నాడు. జవాబు అమ్మ చెప్పింది. ఆమె గొంతు ఇంకా పీలగానే ఉంది.

"నువ్వు మటుకు మీ అమ్మమ్మ కాడ ఉందువులే."