ఒకే గిన్నెలో రెండు పురుగులు

సముద్రం ఎటుందో తెలియని నారాయణఖేడ్ నుంచి పోయి, సముద్రపు పురుగుకు పేరు పెట్టినవాణ్ని నేను. బస్ డిపో ముందు చాయ్ తాగేవాళ్లందరికీ ఈ మాట చెప్పాను. నువ్వుగింజకన్నా చిన్న పురుగు, చాయ్ చాయ్‌కీ పెరిగి వానపామంత అయింది. ఆ గొప్ప కింద మాత్రం ఒక బరువుంది. ఏళ్లుగా మోస్తున్నాను. ఇక మీతో చెప్పేస్తాను.

పేరు నేను పెట్టలేదు. తీరంలోని ల్యాబులో సహాయకుణ్ని, అంతే. ఇసుక కడిగి, రేణువుల మధ్య దాక్కున్న చదును పురుగులను ఏరేవాణ్ని. తల కోసి డీఎన్ఏ పరీక్షకు పంపాలి. జననాంగాలుండే తోకను మైనంలో పొదిగి, పలచటి పొరలుగా కోసి రఫియాకివ్వాలి. రఫియా మా ఖేడ్ అమ్మాయే. మైక్రోస్కోపులో ఆ పొరలు చూసి, బొమ్మ గీసి, ఏ జాతో తేల్చేది. గిన్నెకొక పురుగే ఉండాలి. అది అక్కడి కట్టుబాటు.

ఒకరోజు గిన్నెలు కడగడానికి బద్ధకించి రెండు పురుగులను ఒకే గిన్నెలో కోశాను. ఏ తల ఏ తోకది? తోచినట్టు జతచేశాను.

వాటిలో ఒక తోకలో రఫియాకు అంతవరకు ఎవరూ చూడని వంకర ముల్లు కనిపించింది. కొత్త జాతి అంది. దానికి నేను జతచేసిన తల డీఎన్ఏ మాత్రం పాత జాతేనని చెప్పింది. ల్యాబు పెద్దలు డీఎన్ఏనే నమ్మారు, ఆమె కళ్లు తప్పన్నారు. రఫియా పరిశోధన వదిలి ఖేడ్‌కు వచ్చి బడిలో పాఠాలు చెప్పుకుంది. తర్వాత ఇంకెవరో ఆ ముల్లు పురుగునే పట్టి, తలా తోకా ఒకదానివే పరీక్షించి, పేరు పెట్టుకున్నారు.

నేనెందుకు నోరు విప్పలేదు? నౌకరీ పోతుందనా? పోతే పోయేది, ఇంకొకటి దొరికేది, కానీ నా బద్ధకం నలుగురికీ తెలుస్తుందన్న సిగ్గే నన్ను ఎక్కువగా ఆపిందేమో. ఎవరూ అడగలేదు, అందుకే చెప్పలేదు. అడగనిదానికి చెప్పకపోవడం అబద్ధమా?

ఇంతవరకు రాసి, నిన్న ఆ కాగితం రఫియా చేతిలో పెట్టాను. క్షమిస్తుందని కాదు. రాసినందుకే గుండె కాస్త తేలికైంది. ఆమె అద్దాలు సర్దుకుని చివరిదాకా చదివింది. చదివి, ఒకచోట వేలు పెట్టింది.

"ఎవ్వరు అడగలేదని రాసినవేందన్నా? నేను అడగలే? గీ తల గీ తోకదేనా అని నీ ముంగట నిలవడి అడిగిన. నీ బిడ్డ మీద ఒట్టేసినవు. గది రాయలే."