బావకు దొరికిన రాయి

ఈ సంగతి ఇన్నేళ్లుగా నా కడుపులోనే ఉంది. మా ఇంటిదానికి కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నానంటే, మీరు మా అక్కను ఎరగరు. రేపు ఆమె ముఖం చూడాల్సిన అవసరం మీకు లేదు. నాకుంది. ఒక రాయి గురించి, నాకు తెలియకుండానే తెలిసినట్టు చెప్పాను. దానితో ఒక సంసారం తల్లకిందులైంది.

పంతొమ్మిది వందల యాభైల చివర్లో నేను హిందూపురంలో ఒక బడిలో సైన్సు అయ్యవారిని. ఆదివారమైతే సంచి తగిలించుకుని గుట్టల వెంట రాళ్లు ఏరేవాణ్ణి. పలుగురాళ్లు, అభ్రకం ముక్కలు, పేరు తెలియనివి ఇంకొన్ని. బడిలో ఒక బీరువా నింపాను. చదివింది ఒక పాత ఇంగ్లీషు పుస్తకం, అదీ సగమే. అయినా చెట్టు లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షం కదా, మా అక్కావాళ్ల ఊళ్లో నేను రాళ్ల పండితుణ్ణి. ఆ ప్రచారమంతా అక్కే చేసింది. నాకూ అది బాగానే ఉండేది, దాచడమెందుకు.

అక్కను ఇచ్చింది పెనుకొండ దగ్గర ఒక పల్లెకు. మెట్ట సేద్యం. బావ బావి తవ్వుతూ సగంలో ఆపేశాడు, అడుగున బండ పడింది. బండను పేల్చి దిగితే నీళ్లుంటాయని అతని నమ్మకం. పేల్చే తాహతు లేదు. వానలేమో ఏటికేడు మొండిచెయ్యి చూపిస్తున్నాయి.

మా జిల్లాలో తొలకరి పడితే కొందరు విత్తనం మాట తర్వాత, ముందు వజ్రాల కోసం చేలల్లో తిరుగుతారు. వాన మట్టిని కడిగేస్తే రాయి పైకి తేలి మెరుస్తుందని ఆశ. ఆ ఏడు బావా నేనూ కలిసి తిరిగాం. ఎండకు ఎదురుగా నడిస్తే మెరుపు కనబడుతుందని అతనికి చెప్పింది నేనే. నాకేమీ దొరకలేదు. బావకు దొరికింది. శనగగింజ కన్నా కాస్త పెద్దది, లేత పసుపు ఛాయ, నూనె రాసినట్టు నిగనిగలాడుతోంది. అట్లాంటిది నా బీరువాలో లేదు.

మరుసటి ఆదివారం దాన్ని పంచె కొంగున ముడేసుకుని రైలెక్కి హిందూపురం వచ్చాడు. బడి గదిలో మేమిద్దరమే. ఆ రాయితో గాజు మీద గీశాను, గీత పడింది. పలుగురాయి మీద గీశాను, దాని మీదా పడింది. అక్కడితో నా చదువు అయిపోయింది. పలుగురాయిని గీసే రాళ్లు ఇంకా ఉన్నాయి. వాటిలో ఇది ఏదో చెప్పే విద్య నాకు లేదు. బెంగుళూరు తీసుకుపోయి తెలిసినవాళ్లకు చూపించు బావా అని ఒక్క మాట అనుంటే సరిపోయేది. అనలేదు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తాను.

"నిజం వజ్రమైతే సుత్తితో కొట్టినా పగలదు బావా," అన్నాను. ఊళ్లల్లో ముసలీముతకా అనే మాట అది, నా పుస్తకంలో ఎక్కడా లేదు.

బావ రాయిని నా చేతిలోంచి తీసుకుని గుప్పిట మూశాడు. "పగిలితే ఎట్లప్పా?"

"పగిలితే వజ్రం కాదని తేలిపోతాది."

"నీకు బాగా తెల్సు కదా?"

"తెల్సు బావా."

"అట్లయితే కొట్టు. చదువుకున్నోనివి. ఇది వజ్రమైతే బాయి పూర్తి చేస్తా. కాకుంటే ఎద్దులమ్మి ధర్మవరం పోవడమే, ఈడ ఇంకేముండాది?"

కొట్టాను. పగిలింది. ముక్కల లోపలి వైపు కోసినట్టు నున్నగా, పలకలుగా ఉంది. పలుగురాయి అట్లా పగలదు. నేను ఎన్ని పగలగొట్టలేదు? చూసిన క్షణంలోనే నాకు తెలిసిపోయింది, ఇది పలుగురాయి కాదని. అయినా నోరు మాత్రం, "ఉత్త పలుగురాయే బావా," అంది. ముక్కలు ఊడ్చి కిటికీలోంచి పారేశాను. బావ ఖాళీ అయిన పంచె కొంగు సర్దుకుని, "పోనీలేప్పా," అని లేచాడు.

ఎందుకు చేశాను? తెలియదని చెప్పడానికి నామోషీయా? లేక, ఇన్నేళ్లు గుట్టలెక్కిన నాకు దొరకనిది, దున్నుకునే మనిషికి ఒక్క పూటలో దొరకడం కంటగింపయిందా? సుత్తి ఎత్తకముందే, అది వజ్రం కాకూడదని కోరుకున్నానా? ఎన్ని విధాల తిప్పి చూసుకున్నా, లేదని గట్టిగా చెప్పలేకపోతున్నాను.

ఎద్దులు అమ్మేశారు. బావ ధర్మవరంలో పట్టు నూలుకు రంగులు వేసే పనికి కుదిరాడు.

కొన్నేళ్లకు ఖనిజాల సర్వే మీద వచ్చిన ఒక ఆఫీసరు నా బీరువా చూశాడు. ఎవరి సంగతో అన్నట్టు అడిగాను. వజ్రం ఎంత గట్టిదైనా సుత్తి దెబ్బకు పలకలుగా చీలుతుందని, ఆ పిచ్చి పరీక్షతో జనం మంచి రాళ్లు పాడుచేసుకుంటారని నవ్వాడు. వేరే రాళ్లు కూడా కొన్ని అట్లా చీలుతాయన్నాడు. నేనూ నవ్వాను. ఆయన పోగానే కిటికీ బయటికి పరిగెత్తాను. అక్కడ అప్పటికే కొత్త గదికి పునాది పోసి, చుట్టూ కంకర పరిచేశారు.

చెప్పేద్దామని ధర్మవరం పోయాను. బావ మోచేతుల దాకా ఎర్రరంగుతో వచ్చి, నాకు కాఫీ తెప్పించి, ఎదురుగా కూర్చున్నాడు. పిల్లల చదువులు అడిగాను. వానలు అడిగాను. సాయంత్రం రైలుకు వచ్చేశాను.

ఇంకో రెండేళ్లకు బావ జ్వరమొచ్చి పోయాడు. కర్మ అయిన రోజు అక్క నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఆ రాయి సంగతి నువ్వు ఆ పొద్దే తేల్చేసినావు నాయనా. లేకుంటే దాన్ని పట్టుకోని ఊరూరా తిరిగి పిచ్చోడయ్యుండేవాడు మీ బావ. నీ మేలు మరిచిపోలేను."

ఆమె ఏడుస్తూ నా చెయ్యి పట్టుకుంది. నేను ఆ చెయ్యి వెనక్కి తీసుకోలేకపోయాను.

అక్క పెద్దదైపోయింది. చెబితే నాకు తేలికవుతుంది, ఆమెకు బరువవుతుంది. చెప్పకపోతే ఆ కృతజ్ఞత చచ్చేదాకా నేను తింటూనే ఉండాలి. ఏది సరైనదో తేల్చుకోలేక మీ దగ్గరికొచ్చాను. మీరు క్షమించాలని కాదు, అది మీ చేతుల్లో లేదు. ఒక్కసారైనా ఆ మాట పైకి అనాలి, అంతే. ఆ రాయి ఏమిటో నాకు తెలియదు. బావ అడిగిన రోజూ తెలియదు.