ఆ ఫోటోలో సిపాయి బతికే ఉన్నాడు

మంగళవారం పొద్దున్నే గురువుగారి భార్య ఫోన్ చేసి, "మీ గురువుగారు వెళ్ళిపోయారమ్మా" అన్నారు. ఫిల్మ్‌నగర్‌లో నలభై ఏళ్ళు సినిమాలకు స్టిల్స్ తీసిన మనిషి, నాకు కెమెరా నేర్పిన మనిషి. చూడవచ్చినవాళ్ళంతా "మెత్తటివాడు" అన్నారు. నేనొప్పుకోను. అంత మొండివాణ్ణి నేనింకెక్కడా చూడలేదు.

కెమెరా కొత్తగా వచ్చిన రోజుల్లోని యుద్ధాల ఫోటోలు ముందేసుకుని చెప్పేవారు: "అప్పటి కెమెరాకి కదిలేది దొరకదమ్మాయ్. అందుకని పోరు ముగిశాక వచ్చి, శవాన్ని గోడవారకి జరిపి, పక్కన తుపాకి ఆనించి, వీరమరణం అన్నారు. వేషం కట్టడం తప్పు కాదు, మనం తినేది ఆ కూడే. వేషమని చెప్పకపోవడమే తప్పు."

మూడేళ్ళ క్రితం ఒక నిర్మాత, తన యుద్ధం సినిమా విడుదలకు ముందు, జూబ్లీహిల్స్‌లో అమరవీరుల ఫోటోల ప్రదర్శన పెట్టాడు. ఇద్దరం వెళ్ళాం. నడిమి గోడ మీద, బురదలో పడి ఉన్న సిపాయి. కింద 'పేరు తెలియని అమరుడు' అని చీటీ. గురువుగారు ఆ సినిమా సెట్లో తీసిన స్టిల్ అది! గోధుమరంగు పూసి పాతదానిలా చేశారు. దాని ముందు ఒక పెద్దావిడ చెప్పులు విప్పి, దణ్ణం పెడుతోంది.

"మా అన్నయ్యా యుద్ధంలోనే పోయాడు. ఫోటో కూడా రాలేదు" అంది.

గురువుగారు నిర్మాత దగ్గరికెళ్ళి, "తీసేయించండి" అన్నారు.

"జనం కంటతడి పెడుతుంటే మీకేంటండీ నష్టం?"

గురువుగారు చిన్నాచితకా నటులుండే కృష్ణానగర్‌కి ఫోన్ చేశారు. అరగంటలో ఆ వేషం వేసిన జూనియర్ ఆర్టిస్టు బైక్ మీద వచ్చాడు. అతన్ని ఫోటో పక్కన నిలబెట్టి, "అమ్మా, ఇది తీసింది నేనే. మన్నించండి. ఇతను నటుడు" అన్నారు.

"గా బురదల పన్నది నేనేనమ్మా. జర చూడుండ్రి, మంచిగనే ఉన్న" అన్నాడతను.

ఆవిడ అతని తల నిమిరి, "చల్లగా ఉండు నాయనా" అంది. నిర్మాత వైపు తిరిగి, "మా అన్నయ్యకి ఫోటో లేకపోతే లేదు. అబద్ధం మాత్రం వద్దు" అంది.

ఫోటో దించక తప్పలేదు. ఆ కంపెనీ మళ్ళీ పిలవలేదు. ఏడాది పాటు మిగతావాళ్ళూ పిలవలేదు. ఆ నిర్మాతకి ఒక్క మాట క్షమాపణ చెబితే పోతుంది కదా అన్నాను.

"ఏమని చెప్పను? వాడు బతికున్నందుకా?" అన్నారు.

ప్రదర్శనలో ఆ సాయంత్రం ఫోటో దించాక ఆయన ఆ చీటీ వెనక్కి తిప్పారు. ఆ పెద్దావిణ్ణి అడిగి, వాళ్ళన్నయ్య పేరు గుండ్రటి అక్షరాలతో రాసి, ఖాళీ గోడకి అంటించారు. ఎవరూ అడ్డురాలేదు. ఆవిడ దగ్గరికెళ్ళి, కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుని, ఆ పేరు పైకి చదువుకుంది.