కుడి బొటనవేలు

షిలోహులో గామూలుని ఎరగనివాళ్ళు లేరు. యాజకుడు కాబట్టి కాదు. యాజకులు మా ఊళ్ళో మేకలకన్నా ఎక్కువే. తిర్సా తమ్ముడు కాబట్టి ఎరుగుదురు.

అతను పుట్టిన రోజునే తల్లి పోయింది. తండ్రి మల్కీయా దేవుని గుడారం పనిలో పడి ఇంటి ముఖమే చూసేవాడు కాదు. పన్నెండేళ్ళ తిర్సా ఆ పసిగుడ్డుని ఒళ్ళో వేసుకుని, గుడ్డపేలిక మేకపాలలో ముంచి చప్పరింపించి బతికించింది. "ఇదే ఓ పిల్ల, దీని చంకలో ఇంకో పిల్లాడు. ఎన్నాళ్ళో చూద్దాం," అని పక్కింటి హెలా పెదవి విరిచింది. హెలా నోరు అంతే. మర్నాటినుంచి రోజూ పాలు పోసింది కూడా ఆవిడే.

తిర్సాకి సంబంధాలు రాకపోలేదు. "వీడికి పాలపళ్ళు ఊడనీ," అంది ఒకసారి. "వీడికి మీసం రానీ," అంది ఇంకోసారి. మీసం వచ్చింది. తిర్సాకి ముప్పయ్యేళ్ళు కూడా వచ్చాయి. అప్పుడు తమ్ముడే పూనుకున్నాడు.

"అక్కా, కుమ్మరి బేకెరు మంచివాడు. పెళ్ళాం పోయి రెండేళ్ళయింది. నీ మాట కదిపాను."

"నన్నడక్కుండానే?"

"అడిగితే చచ్చినా ఒప్పుకోవుగా!"

"ముప్పయ్యేళ్ళ ముసలిదాన్ని వాడేం చేసుకుంటాడ్రా? కుండల పక్కన బోర్లిస్తాడా?"

"నా కోసం నీ బతుకు బుగ్గి చేసుకున్నావని ఊరంతా అంటుంటే తల కొట్టేసినట్టుంది అక్కా."

తిర్సా పిండి పిసుకుతున్న చెయ్యి ఆపింది. "సరే, చేసుకుంటా. మరి రేపు నేను పోతే నా కళ్ళెవరు మూస్తారు?"

"ఇంకెవరు? నేనే!" అన్నాడు నవ్వుతూ. "ఇదిగో, ఈ చేత్తోనే."

ఆమె అతని ముఖంలోకి కాసేపు చూసింది. మళ్ళీ పిండిలో చెయ్యి పెట్టింది.

ఇక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. యాజకుల ఇంట్లో పుట్టినవాడు, మాటలు వచ్చినప్పటినుంచి ఆ నియమాలు వల్లె వేసినవాడు! యాజకుడు శవాన్ని ముట్టకూడదు, శవం ఉన్న ఇంటి కప్పు కిందికి పోకూడదు. తల్లికీ, తండ్రికీ, కొడుక్కీ, కూతురికీ, అన్నదమ్ములకీ, పెళ్ళికాని అక్కచెల్లెళ్ళకీ మాత్రం పోవచ్చు. పెళ్ళయిందా, ఆమె మొగుడింటి మనిషి. ఆమెని మట్టిచేయడానికి మొగుడివాళ్ళు ఉంటారు, పుట్టింటి యాజకుడికి పని లేదు. ఈ పాఠం గామూలుకి కంఠతా వచ్చు. బుర్రకి మాత్రం ఎక్కలేదు. పద్దెనిమిదేళ్ళవాడికి చావు ఎక్కడ కనిపిస్తుంది! తిర్సాకి తెలుసు. తమ్ముడు అంత ముచ్చటపడుతున్నాడు కదా అని నోరు మెదపకుండా బేకెరుని చేసుకుంది.

గామూలుకి ముప్పయ్యేళ్ళు రాగానే యాజకుడిగా ప్రతిష్ఠించారు. తిర్సా వడికి నేసిన నారబట్టే కట్టుకున్నాడు. ముసలి యాజకుడు హుప్పా, తండ్రికి అన్న వరస, పొట్టేలు రక్తంలో వేలు ముంచి అతని కుడిచెవి కొనకీ, కుడిచేతి బొటనవేలికీ, కుడికాలి బొటనవేలికీ రాశాడు. పైన నూనె చిలకరించాడు. ఇక ఏడు రోజులు రాత్రీ పగలూ గుడారం గుమ్మం దగ్గరే ఉండాలి. దాటితే చావే.

ఆవరణ తెరల అవతల తిర్సా రోజూ వచ్చి నిలబడేది.

"ఒరేయ్, తిన్నావా?"

"తిన్నానక్కా. పొట్టేలు మాంసం, పొంగని రొట్టె."

"ఉప్పు సరిపోయిందా?"

హుప్పా తల పట్టుకున్నాడు. "ఇది దేవుని సన్నిధి తల్లీ, నీ వంటిల్లు కాదు!"

"దేవుడికి మాత్రం ఉప్పు లేకుండా పెడతారా ఏమిటి?" అంది తిర్సా. తెరల లోపల గుడారం ఊడిగం చేసే లేవీయులు కూడా నవ్వేశారు.

మూడోనాడు హుప్పా చేయకూడనివన్నీ అతని చేత మళ్ళీ చెప్పించాడు. తల్లి, తండ్రి, కొడుకు, కూతురు అంటూ వచ్చి, అక్క దగ్గర గామూలు నాలుక మడతపడింది.

"పెదనాన్నా, పెళ్ళయిన అక్క అయితే?"

"కూడదు."

"పెంచిన అక్క అయితే?"

"పెంచిందా, ఎత్తుకుందా అని ధర్మశాస్త్రం అడగదురా."

"పెళ్ళి నేనే చేశాను పెదనాన్నా! నేనే వెళ్ళి బేకెరుని అడిగాను!"

గామూలు లేచి నిలబడ్డాడు. గుమ్మం నాలుగడుగుల దూరం కూడా లేదు. "ఇప్పుడు వెళ్ళిపోతే?" అన్నాడు.

"ఎక్కడికిరా పోతావ్? చెవి ఇచ్చేశావు, చెయ్యి ఇచ్చేశావు, కాలు ఇచ్చేశావు. కూర్చో."

గామూలు కూర్చున్నాడు. తెరల అవతలనుంచి, "ఒరేయ్, చలిగా ఉందా?" అని అక్క అడుగుతోంది. ఆ పూట అతను పలకలేదు.

ఆ తర్వాత పదిహేనేళ్ళు గడిచాయి. గామూలుకి పెళ్ళయింది, పిల్లలు పుట్టారు. పొద్దున ఒక గొర్రెపిల్ల, సాయంత్రం ఒక గొర్రెపిల్ల బలి. వీధిలో ఎక్కడ ఏడుపు వినిపించినా అతని కాళ్ళు వాటంతటవే పక్కసందులోకి తిరిగేవి. తిర్సా దగ్గరికి రోజూ వెళ్ళేవాడు. ఆమెకి పిల్లలు పుట్టలేదు, వీడొక్కడే. ఇద్దరూ అన్నీ మాట్లాడుకునేవాళ్ళు, ఆ ఒక్క మాట తప్ప. ఆమె దగ్గినప్పుడల్లా అతను లేచి నీళ్ళు ముంచిచ్చేవాడు.

యవల కోతలప్పుడు తిర్సా జ్వరంతో పడింది. నాలుగో రోజుకి మాట సన్నగిల్లింది. పొద్దుటి బలి అయ్యీ అవగానే గామూలు పరుగున వచ్చి ఆమె తల పక్కన కూర్చున్నాడు. చెయ్యి పట్టుకుని వదల్లేదు. మూలనున్న కడవలోంచి దొప్పతో నీళ్ళు ముంచి గొంతు తడుపుతున్నాడు.

మధ్యాహ్నానికి హెలా వచ్చి తిర్సా ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. "గామూలూ, ఇంక లే నాయనా. బయటికి పో."

"పోను."

"పిచ్చా? ఏ క్షణానైనా..."

"తెలుసు. పోనీ యాజకత్వం. మాటిచ్చాను. నేనే మూస్తాను."

బేకెరు ముసలివాడు, గోడ పట్టుకుని నిలబడ్డాడు. "బావా, తెలిసి మైలపడితే బలిపీఠం దగ్గరికి మళ్ళీ రానివ్వరయ్యా. నీ పెళ్ళాంబిడ్డలు ఏం తిని బతుకుతారు?"

"కుండలు చేస్తా. నువ్వు నేర్పుదువుగాని."

తిర్సా కళ్ళు మూసుకునే ఉంది. అన్నీ వింటోంది. కాసేపటికి కళ్ళు తెరిచింది.

"ఒరేయ్, దాహంరా."

అతను కడవ వేపు చెయ్యి చాచాడు.

"అవి వెచ్చబడ్డాయి. తూర్పు ఊట నీళ్ళు తే. నువ్వే తే."

"నేనొచ్చేదాకా ఉంటావా?"

"ఎక్కడికి పోతాన్రా? వెళ్ళు. పరిగెత్తకు, పడతావ్."

చిన్న కుండ తీసుకుని వెళ్ళాడు. ఊట దగ్గర వంగి కుండ ముంచాడు. మునిగిన కుండలోంచి బుడగలు వస్తుంటే అతనికి ఏడేళ్ళప్పటి సంగతి గుర్తొచ్చింది. ముద్దుగా పెంచుకున్న మేకపిల్లని పండక్కి కోసిన రోజున అక్క ఇలాగే, "ఒరేయ్, తూర్పు ఊట నీళ్ళు తే, పరిగెత్తకు," అని పంపింది. తిరిగొచ్చేసరికి అంతా అయిపోయింది.

కుండ అక్కడే వదిలేసి పరిగెత్తాడు. వీధి మలుపులోనే ఏడుపు వినిపించింది.

గుమ్మంలో హెలా రెండు చేతులూ బారచాపి నిలబడింది.

"జరుగు!"

"జరగను. వాణ్ణి లోపలికి రానివ్వకే అంది. అదే ఆఖరి మాట. నన్ను తొక్కుకుని పోతావా, పో!"

"కళ్ళు?"

హెలా తల వెనక్కి తిప్పి లోపలికి చూసింది. "తెరిచే ఉన్నాయి. గుమ్మం వేపే చూస్తోంది పిచ్చిది."

"ఎవరూ ముట్టుకోకండి! నేను వస్తున్నా!" అని అరిచాడు గామూలు. ఆ ముసలిదాన్ని పక్కకి నెట్టడం ఎంత పని? ఆమె భుజం మీద చెయ్యి కూడా వేయబోయాడు.

సరిగ్గా అప్పుడే లోపలి ఆడవాళ్ళు కడవ ఎత్తారు. చావు జరిగిన ఇంట్లో మూత లేని పాత్ర మైల, అందులో నీళ్ళు ఉంచకూడదు. కడవ వంచారు. సగం పైగా ఉన్న నీళ్ళు నేలమీద పారి, హెలా కాళ్ళ మధ్యనుంచి గడప దాటి, గామూలు పాదాల వేపు వచ్చాయి.

గామూలు వెనక్కి అడుగు వేశాడు.

వేద్దామనుకుని వేసింది కాదు. పదిహేనేళ్ళ అలవాటు. కుడికాలు తనంతట తానే ముందు వెనక్కి వెళ్ళింది, దాని వెనక ఎడమకాలు. నీళ్ళు అతని ముందు జానెడు దూరంలో ఆగి ఇంకిపోయాయి. వీధిలో ఉన్నవాళ్ళంతా చూశారు. అతనూ తన కాళ్ళ వేపు చూసుకున్నాడు, ఎవరి కాళ్ళో అన్నట్టు.

హెలా చేతులు దించేసింది. ఇంక అడ్డం పెట్టాల్సిన అవసరం లేదని ఆవిడకి తెలిసిపోయింది. "పో నాయనా," అంది మెత్తగా. "నేను మూస్తాలే."

పొద్దు వాలేలోపు బేకెరువాళ్ళు ఆమెని కొండవాలు గుహలో పెట్టి వచ్చారు. గామూలు దూరంగా, ద్రాక్షతోట గోడ పక్కన నిలబడి చూశాడు. చావుకి అందరూ చింపుకునే బట్ట అతను చింపుకోలేదు. నోట్లో పైబట్ట కుక్కుకుని ఏడ్చాడు.

సాయంత్రపు బలికి వంతు అతనిదే. "ఇవ్వాళ ఇంకొకణ్ణి పెడతాలేరా," అన్నాడు హుప్పా.

"ఎందుకు పెదనాన్నా? నేను శుద్ధంగానే ఉన్నానుగా."

గొర్రెపిల్లని తెచ్చారు. కోశాడు. రక్తం గిన్నెలో పట్టి లేవీయుడు పక్కకి తీసుకుపోయాడు. రోజూలాగే దాని కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. గామూలు మోకాళ్ళమీద కూర్చుని, కుడిచేతి బొటనవేలితో ఆ రెప్పలు కిందికి దించాడు. అవి మళ్ళీ తెరుచుకున్నాయి. మళ్ళీ దించాడు. నిప్పు మీదికి చేర్చాల్సిన వేళ దాటిపోతోంది.

"ఏం చేస్తున్నావురా?" అని హుప్పా దగ్గరికి వచ్చాడు.

"మూతపడట్లేదు పెదనాన్నా," అన్నాడు గామూలు.