హమాలీకి జ్వరం లేదు

దూదిని స్పిరిట్‌తో తడిపితే చాలు, ఆ ఘాటుకు సోమ్లి అక్క గుర్తొస్తుంది. పాలకుర్తి దగ్గర ఓ ఊళ్లో నేను నర్సును. ఈ ఉదయం జ్వరం, దగ్గుతో వచ్చిన ఓ అవ్వ, రెండు రోజులుగా ఏమీ తినడం లేదనీ, అందుకే షుగర్ సూది మానేశాననీ చెప్పింది. వెంటనే షుగర్ మిషన్ బయటికి తీశాను.

నాకు పని నేర్పింది అక్కే. కేసముద్రం అవతలి తండాలో పుట్టి, ఆ తండాలకే నర్సుగా తిరిగింది. అక్కడివాళ్లతో తమ భాషలో నవ్వుతూ మాట్లాడేది. నాతో మాత్రం కరుకుగానే ఉండేది. సూది పట్టుకుని నేను వెనకాడితే, తన చెయ్యే చాపి పొడవమంది. ఓసారి మార్కెట్ యార్డులో బస్తాలు మోసే హమాలీ ఒకతను, పొద్దున షుగర్ సూది వేసుకుని, ఏమీ తినకుండా పనిలోకి దిగి, చెమటలు పట్టి కూలబడ్డాడు. అక్క చక్కెర నీళ్లు తాగించింది. అతను తేరుకున్నాక నా వైపు తిరిగింది.

"యాదుంచుకో పిల్లా. తినకపోతే సూది వద్దు."

ఆ మాటను ఈ ఊరికి మోసుకొచ్చి ఇంటింటికీ చెప్పాను.

అక్కకూ షుగర్ ఉండేది. కరోనా రెండోసారి విరుచుకుపడ్డప్పుడు తండాలన్నీ తిరిగి, చివరికి తానే మంచం పట్టింది. మూడు రోజులుగా గంజి కూడా గొంతు దిగడం లేదని, సూది ఆపేశానని ఫోన్‌లో దగ్గుతూ చెప్పింది. మంచి పని చేశావక్కా అన్నాను. ఆ మాట ఇప్పటికీ నన్ను తినేస్తోంది.

మర్నాటికి ఆయాసం. నేను వెళ్లి మహబూబాబాద్ దవాఖానకు చేర్చేసరికి, మిషన్ అంకె చూపించలేనంతగా షుగర్ పెరిగిపోయింది. వైరస్‌తో పోరాడే ఒళ్లు తిండి లేకపోయినా షుగర్‌ను పెంచుకుంటుందనీ, పెరిగిన షుగర్ ఆ పోరాడే బలాన్నే దెబ్బతీస్తుందనీ, జ్వరంలో సూది మానకుండా పరీక్ష చేసి మోతాదు సరిచూడాలనీ డాక్టర్ నాకు వివరించాడు. మంచం మీద అక్క అంతా విన్నది. ఆక్సిజన్ మాస్కు కొంచెం పక్కకు జరిపింది.

"ఆ హమాలీకి జరం లేకుండె గద, పిల్లా."

ఆమె నేర్పిన చివరి పాఠం అదే. రెండు రోజులకు పోయింది.

ఈ ఉదయం అవ్వ వేలు పొడిచి చూస్తే షుగర్ బాగా ఎక్కువగా ఉంది. పెద్ద దవాఖానకు తీసుకెళ్లడానికి ఆటో పిలిచాను. తినకపోతే సూది మానేయమని ఎవరు చెప్పారని ఎక్కించేటప్పుడు అడిగాను. అవ్వ నా ముఖంలోకి అమాయకంగా చూసింది.

"నువ్వే చెప్పినవ్ గద, బిడ్డా."

అవును, నేనే చెప్పాను. అక్క పోయాక ఇంటింటికీ వెళ్లి ఆ మాటను సరిదిద్దాననే అనుకున్నాను. అవ్వ గడప ఎలా తప్పిపోయిందో తెలియదు. ఆటోలో ఆమె పక్కనే కూర్చున్నాను.